సౌర విస్ఫోటాలు – తెలుగు వార్తాభాష: శాస్త్ర సమాచార ప్రసారంలో సంచలన ధోరణి

వ్యాససంగ్రహం:

సూర్యునిపై జరిగే విస్ఫోటాల గురించి తెలుగులో వెలువడే వార్తలు తరచుగా భయాన్ని ముందుంచి, విషయాన్ని వెనక్కి నెడుతున్నాయి. ఈ ధోరణికి శాస్త్రజ్ఞానం కొరవడడం ఒక కారణం. శీర్షికల్లో వాడే క్రియారూపాలు, రూపకాలు, కొలమానాలను వదిలివేసే అలవాటు మరొక కారణం. సౌరజ్వాల, కరోనా ద్రవ్య విసర్జన, భూ అయస్కాంత తుపాను అనే మూడు ఘటనల భేదాన్ని వివరించి, 1979 నాటి స్కైలాబ్ భయం నుంచి 2024 మే నాటి సౌర తుపాను వరకు కొన్ని సందర్భాలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బంగాళాఖాతపు తుపానుల విషయంలో తెలుగు పత్రికలు ఇప్పటికే సాధించుకున్న క్రమబద్ధమైన భాషను సౌర వార్తలకూ వర్తింపజేయవచ్చునని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: సౌరజ్వాల, కరోనా ద్రవ్య విసర్జన, భూ అయస్కాంత తుపాను, సంచలన ధోరణి, వార్తాభాష, స్కైలాబ్, ఆదిత్య-ఎల్1.

1. ప్రవేశిక:

2024 మే 10 రాత్రి నుంచి 11 తెల్లవారుజాము వరకు, రెండు దశాబ్దాల్లో కనీవినీ ఎరుగనంత బలమైన భూ అయస్కాంత తుపాను భూమిని తాకింది. లద్దాఖ్‌లోని హాన్లే వేధశాల కెమెరాలలో ఆకాశపు అంచున ఎర్రని ధ్రువకాంతి నమోదైంది. అదే రాత్రి హైదరాబాదులోని చంపాపేటలో ఆకాశం ఎప్పటిలాగే ఉంది. వీధిదీపాలు వెలిగాయి, ఫోన్లు పనిచేశాయి. మర్నాడు పాఠకుడికి సహజంగానే ఒక సందేహం కలుగుతుంది: ఇంత పెద్ద తుపాను వచ్చిందన్నారు కదా, ఏమీ జరగలేదేం?

ఈ ప్రశ్నకు సరైన సమాధానం ఉంది. అయితే శీర్షికలను మాత్రమే చదివిన పాఠకుడికి అది అందదు. వార్త అబద్ధమని గాని, శాస్త్రవేత్తలు అతిగా భయపెట్టారని గాని అతడు భావించే అవకాశం ఉంది. నిజానికి ఆ రెండూ కావు. వార్తను చేరవేసిన భాషలో లోపం ఉంది. ఆ లోపం స్వరూపమేమిటో తెలుసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సూర్యచంద్రుల పరిశీలన ఈ ప్రాంతానికి కొత్త కాదు. 1901లో నవాబ్ జఫర్ జంగ్ ఇంగ్లండు నుంచి 15 అంగుళాల దూరదర్శినిని తెప్పించి, చంపాపేటకు సమీపంలోని ఫిసల్‌బండలో తన ఎస్టేటులో వేధశాలను నెలకొల్పాడు. అదే తర్వాత బేగంపేటకు తరలి, నిజామియా వేధశాలగా ప్రసిద్ధి పొంది, ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాగమైంది. చంపాపేట నుంచి నాగార్జునసాగర్ రహదారి పట్టి ఇబ్రహీంపట్నం దాటి వెళ్తే, అదే విశ్వవిద్యాలయానికి చెందిన జాపాల్-రంగాపూర్ వేధశాల ఉంది. 1980 ఫిబ్రవరి 16 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్ని శాస్త్రవేత్తలు అక్కడి నుంచి పరిశీలించారు. అదే మధ్యాహ్నం నగర వీధులు నిర్మానుష్యమయ్యాయని ఆ తరం వారు నేటికీ చెబుతారు. ఒకే రహదారికి ఒక కొసన పరిశీలన, మరొక కొసన భయం. ఈ రెండింటి నడుమ ఉండవలసినది సమాచారం.

2. సూర్యునిపై జరిగేదేమిటి?

వార్తల్లో ‘సౌర తుపాను’ అనే ఒకే మాటతో వ్యవహరిస్తున్నవి నిజానికి మూడు వేర్వేరు ఘటనలు.

2.1 సౌరజ్వాల: సూర్యునిపై మచ్చలున్న చోట్ల అయస్కాంత బలరేఖలు మెలికలు పడి, తెగి, మళ్లీ కలుసుకున్నప్పుడు అపారమైన శక్తి కాంతి రూపంలో వెలువడుతుంది. ఇది ప్రధానంగా ఎక్స్-కిరణాలు, అతినీలలోహిత కిరణాల వెలుగు. కాంతివేగంతో ప్రయాణిస్తుంది కాబట్టి సుమారు 8 నిమిషాల 20 సెకన్లలో భూమిని చేరుతుంది. దీనిని చూడడానికి ముందే హెచ్చరిక ఇవ్వడం కుదరదు. చూడడమంటేనే అది వచ్చి చేరిందని అర్థం. దీని తీవ్రతను ఎ, బి, సి, ఎం, ఎక్స్ అనే తరగతులుగా విభజించారు. ఒక్కొక్క తరగతి అంతకు ముందుదాని కంటే పదిరెట్లు బలమైనది. దీని ప్రభావం భూమికి సూర్యునివైపున్న భాగంలో దూరప్రసార రేడియో సంకేతాలపై, అదీ కొన్ని నిమిషాల నుంచి కొన్ని గంటల పాటు ఉంటుంది.

2.2 కరోనా ద్రవ్య విసర్జన: సూర్యుని బాహ్య వాతావరణమైన కరోనా నుంచి వందల కోట్ల టన్నుల విద్యుదావేశ పదార్థం అయస్కాంత క్షేత్రంతో సహా అంతరిక్షంలోకి విసిరివేయబడడాన్ని ఇలా పిలుస్తారు. సాధారణంగా ఒకటి నుంచి మూడు రోజుల్లోనూ, అరుదుగా 18 గంటల లోపునా భూమిని చేరుతుంది. సూర్యుడు అన్ని దిక్కులకూ ఇలా విసురుతుంటాడు కాబట్టి, వీటిలో అధికభాగం భూమివైపు రానే రావు. వచ్చినా, భూమిని చేరేసరికి ఆ పదార్థం విస్తరించి ఘన సెంటీమీటరుకు పదుల సంఖ్యలో కణాలు మాత్రమే ఉండేంత పలుచనవుతుంది.

2.3 భూ అయస్కాంత తుపాను: ఆ పదార్థం మోసుకొచ్చిన అయస్కాంత క్షేత్రం దక్షిణాభిముఖంగా ఉంటే, ఉత్తరాభిముఖమైన భూ అయస్కాంత క్షేత్రంతో ముడిపడి, శక్తి లోపలికి ప్రవేశిస్తుంది. ఉత్తరాభిముఖంగా ఉంటే చాలావరకు పక్కకు తొలగిపోతుంది. ఈ దిశ ఏదో ముందుగా కచ్చితంగా చెప్పడం నేటికీ సాధ్యం కావడం లేదు. భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరంలో ఎల్1 బిందువు వద్ద ఉన్న ఉపగ్రహాలు దాన్ని కొలిచాక, భూమికి మిగిలే వ్యవధి సుమారు 15 నుంచి 60 నిమిషాలు మాత్రమే. ఈ తుపానులను జీ1 నుంచి జీ5 వరకు ఐదు స్థాయులుగా లెక్కిస్తారు. అమెరికా అంతరిక్ష వాతావరణ కేంద్రం కొలమానం ప్రకారం, 11 ఏళ్ల సౌరచక్రంలో జీ1 స్థాయి తుపానులు సుమారు 900 రోజులు, జీ5 స్థాయివి సుమారు 4 రోజులు వస్తాయి.

మొదటిది వెలుగు, రెండవది పదార్థం, మూడవది భూమి చుట్టూ కలిగే పరిణామం. మొదటిది జరిగినప్పుడల్లా రెండవది జరగదు. రెండవది జరిగినప్పుడల్లా మూడవది జరగదు. వార్తలో ఈ మూడూ కలగలిసిపోతే, ‘ఎక్స్ తరగతి జ్వాల’ అనే సమాచారం చదివిన మరుక్షణమే పాఠకుడు కరెంటు పోతుందని ఎదురుచూస్తాడు.

3. ప్రమాదం ఎంత?

సంచలనాన్ని విమర్శించే తొందరలో ప్రమాదమే లేదనడం మరొక పొరపాటు. 1859 సెప్టెంబరు 1న రిచర్డ్ కారింగ్టన్ ఒక తీవ్రమైన సౌరజ్వాలను చూశాడు. పదిహేడున్నర గంటలకు భూమిని తాకిన తుపానుకు టెలిగ్రాఫ్ వ్యవస్థలు అస్తవ్యస్తమయ్యాయి. అప్పుడు బొంబాయిలోని కొలాబా వేధశాలలో భూ అయస్కాంత క్షేత్రం సుమారు 1600 నానోటెస్లాలు పడిపోయినట్లు నమోదైంది. ఆ తుపాను తీవ్రతను అంచనా వేయడానికి ప్రపంచ శాస్త్రవేత్తలు నేటికీ ఈ భారతీయ నమోదునే ఆశ్రయిస్తున్నారు. 1989 మార్చి 13న కెనడాలోని క్యూబెక్ రాష్ట్రంలో విద్యుత్ వ్యవస్థ కూలిపోయి, సుమారు 60 లక్షల మంది 9 గంటల పాటు చీకటిలో ఉన్నారు. మారే అయస్కాంత క్షేత్రం పొడవైన తీగల్లో విద్యుత్తును ప్రేరేపించడమే దీనికి కారణం.

అయితే తుపాను స్థాయికీ నష్టానికీ నడుమ సరళమైన నిష్పత్తి లేదు. 2022 ఫిబ్రవరి 3న ప్రయోగించిన 49 స్టార్‌లింక్ ఉపగ్రహాలలో సుమారు 40 కూలిపోయాయి. అప్పటి తుపాను చిన్నదే. కానీ ఉపగ్రహాలు భూమికి చాలా దగ్గరగా ఉన్నప్పుడే ఎగువ వాతావరణం వేడెక్కి ఉబ్బడంతో, గాలి నిరోధాన్ని అవి తట్టుకోలేకపోయాయి. 2024 మేలో వచ్చినది జీ5 స్థాయి తుపాను. 2003 అక్టోబరు తర్వాత అంతటిది అదే మొదటిది. దానివల్ల అమెరికాలో జీపీఎస్ ఆధారంగా మొక్కజొన్న విత్తే ట్రాక్టర్లు నిలిచిపోయాయి. మన దేశంలో మాత్రం చెప్పుకోదగ్గ అంతరాయం కలగలేదు. ఇందుకు ఇస్రో రెండు కారణాలు చూపింది. తుపాను ప్రధాన తాకిడి మే 11 తెల్లవారుజామున, అంటే అయనోవరణం ఇంకా పూర్తిగా ఏర్పడని వేళలో జరిగింది. రెండవది, మనం తక్కువ అక్షాంశాల్లో ఉన్నాం. ప్రవేశికలో చెప్పుకున్న పాఠకుడి సందేహానికి సమాధానం ఇదే. తుపాను నిజం, దాని స్థాయి నిజం, అది హైదరాబాదు పాఠకుడిని బాధించకపోవడమూ నిజమే. ఒక వార్తలో ఈ మూడూ ఉండాలి.

4. సంచలనం భాషలో ఎలా పుడుతుంది?

4.1 క్రియారూపం: ‘భూమిని ఢీకొట్టనున్న సౌర తుపాను’ వంటి శీర్షికా నిర్మాణం మనకు సుపరిచితం. తెలుగులో ‘-నున్న’ అనే రూపం భవిష్యత్తును నిశ్చయంగా చెబుతుంది. ‘తాకవచ్చు’, ‘చేరే అవకాశం ఉంది’ అనేవి సంభావ్యతను తెలుపుతాయి. శాస్త్రవేత్త ప్రకటనలో ఉన్నది రెండవ అర్థం, శీర్షికలోకి వచ్చేది మొదటి అర్థం. ‘భూమికి సౌరముప్పు’ వంటి క్రియారహిత శీర్షికలలో పరిస్థితి మరింత జటిలం. క్రియే లేనప్పుడు సంభావ్యతను తెలిపే ప్రత్యయానికి చోటే ఉండదు. శీర్షికకు స్థలం తక్కువన్న వాదన ఉంది. కాని ‘ఢీకొట్టనున్న’ కన్నా ‘తాకవచ్చు’ పొట్టి మాట.

4.2 రూపకం వాచ్యార్థంగా మారడం: ‘ఢీకొట్టు’ అనే మాట బస్సు లారీని ఢీకొన్నట్లు రెండు ఘనవస్తువుల ఘర్షణను స్ఫురింపజేస్తుంది. ప్రయోగశాలలో సృష్టించే శూన్యం కన్నా పలుచనైన పదార్థానికి ఆ క్రియ పొసగదు. 2023 ఫిబ్రవరిలో అమెరికాకు చెందిన అంతరిక్ష వాతావరణ నిపుణురాలు తమితా స్కోవ్, సూర్యుని ఉత్తర ధ్రువం దగ్గర ఒక సౌరశిఖ నుంచి పదార్థం విడివడి ధ్రువం చుట్టూ సుడి తిరుగుతున్నదని సామాజిక మాధ్యమంలో రాశారు. ఎర్రని నాలుకల్లా పైకి లేచే పదార్థం సూర్యుని ఉపరితలంపై తరచుగా కనిపించేదే. ఆ వాక్యం ప్రపంచవ్యాప్తంగా ‘సూర్యుని ముక్క విరిగిపడింది’ అనే వార్తగా మారింది. తెలుగులో ‘ముక్క’ అనగానే రొట్టెముక్క, రాతిముక్క స్ఫురిస్తాయి. వాయుగోళానికి ముక్కలుండవు. అనువాదకుడు ‘పదార్థం’ అనే ఒక్క మాటను నిలుపుకొని ఉంటే వార్త వార్తగానే మిగిలేది.

4.3 షరతు జారిపోవడం: 2021లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం (అర్వైన్) పరిశోధకురాలు సంగీత అబ్దు జ్యోతి, మహా సౌర తుపాను వస్తే అంతర్జాలానికి కలిగే ముప్పుపై ఒక పత్రం సమర్పించారు. సముద్రగర్భ కేబుళ్లలోని గాజుతీగలకు ప్రమాదం లేదని, వాటి మధ్య సంకేతాలను బలపరిచే విద్యుత్ పరికరాలకే ముప్పని ఆమె విశ్లేషణ సారం. ఎక్కువ అక్షాంశాల్లోని మార్గాలతో పోలిస్తే ఆసియాలోని తక్కువ అక్షాంశాలకు ముప్పు తక్కువని కూడా అందులో ఉంది. అయితే పత్రం శీర్షికలోనే ‘అంతర్జాల ప్రళయం’ అనే అర్థమిచ్చే మాట ఉంది. 2023 నాటికి ఆ మాట ఒక్కటే మిగిలి, ‘నెలల తరబడి ఇంటర్నెట్ బంద్, నాసా హెచ్చరిక’ అనే రూపంలో సామాజిక మాధ్యమాల్లో తిరిగింది. నాసా అటువంటి హెచ్చరిక చేయలేదు. ఆ మాట వాడినందుకు పరిశోధకురాలే తర్వాత విచారం వ్యక్తం చేశారు. సంచలనానికి బాధ్యత ఎల్లప్పుడూ విలేకరిదే కాదని, పత్రానికి పేరు పెట్టే పరిశోధకులకూ అందులో పాలుంటుందని ఈ ఉదంతం తెలుపుతున్నది. పరిశోధన పత్రాలు రాసే మనందరికీ ఇది వర్తిస్తుంది.

5. స్కైలాబ్ జ్ఞాపకం:

అంతరిక్ష వార్త తెలుగు పల్లెలను కుదిపివేసిన సందర్భాలలో 1979 నాటి స్కైలాబ్ ఉదంతం ముఖ్యమైనది. సుమారు 77 టన్నుల అమెరికా అంతరిక్ష కేంద్రం కూలిపోతోందని, అది తమ ఊరిమీదే పడుతుందని తెలంగాణ పల్లెల్లో ప్రచారమైంది. ఎలాగూ చనిపోతామన్న భావనతో కోళ్లను, మేకలను కోసుకు తిన్నవారి కథలు, ఉన్నదంతా అమ్ముకున్నవారి కథలు ఆ తరం నోట ఇప్పటికీ వినిపిస్తాయి. 2021లో వచ్చిన ‘స్కైలాబ్’ చలనచిత్రానికి ఇదే నేపథ్యం. 1979 జూలై 11న ఆ శకలాలు హిందూ మహాసముద్రంలోను, పశ్చిమ ఆస్ట్రేలియాలోను పడ్డాయి.

ఈ ఉదంతానికీ సూర్యునికీ ఉన్న సంబంధం అంతగా ప్రచారంలో లేదు. 1973లో ప్రయోగించిన స్కైలాబ్‌లో సూర్యుణ్ణి పరిశీలించే దూరదర్శినులు ఉన్నాయి. కరోనా ద్రవ్య విసర్జనలను పెద్దసంఖ్యలో చిత్రించిన తొలి పరికరాలలో అవి ఉన్నాయి. 1970ల చివర సౌరక్రియాశీలత అంచనాలను మించి పెరగడంతో ఎగువ వాతావరణం ఉబ్బి, స్కైలాబ్ కక్ష్య అనుకున్నదానికన్నా ముందే క్షీణించింది. 2022లో స్టార్‌లింక్ ఉపగ్రహాలను కూల్చినదీ ఇదే ప్రక్రియ. అంటే మన పల్లెలు స్కైలాబ్ పేరుతో భయపడిన ఘటనకు మూలం సూర్యుడే.

అప్పుడు నాసా రెండు సంభావ్యతలను ప్రకటించింది. ప్రపంచంలో ఎవరో ఒక మనిషికి శకలం తగిలే అవకాశం 152లో 1. ఒక నిర్దిష్ట వ్యక్తికి తగిలే అవకాశం 60,000 కోట్లలో 1. రెండూ సరైన లెక్కలే. మొదటిది ప్రభుత్వాలకు, రెండవది పల్లెలోని మనిషికి అవసరమైనది. ‘నాకేమవుతుంది?’ అని అడిగే పాఠకుడికి ‘ప్రపంచానికేమవుతుంది?’ అనే ప్రశ్నకు సమాధానం చెబితే, లెక్క తప్పకుండానే భయం పుడుతుంది. 2024లోనూ జరిగినది ఇదే. భూగోళమంతటికీ ప్రకటించిన జీ5 స్థాయిని హైదరాబాదు పాఠకుడు తన ఇంటి ముంగిటి ప్రమాదంగా చదువుకున్నాడు.

6. తుపాను వార్తల నుంచి నేర్వదగిన పాఠం:

‘తుపాను’ అనే మాట తెలుగువారికి కేవలం రూపకం కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచెత్తిన ఉప్పెనలో పదివేల మందికి పైగా మరణించారు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖపట్నాన్ని అతలాకుతలం చేసింది. ఈ జ్ఞాపకాలు గల సమాజంలో ‘సౌర తుపాను’ అనగానే మనసులో మెదిలేది గాలీ, నీరూ, చావూ. శాస్త్రవేత్త ఉద్దేశించినది అయస్కాంత సూది కదలిక.

అయితే ఇదే అనుభవం తెలుగు పత్రికలకు ఒక గొప్ప సాధనాన్ని కూడా ఇచ్చింది. అల్పపీడనం, వాయుగుండం, తీవ్ర వాయుగుండం, తుపాను, తీవ్ర తుపాను అనే క్రమం సామాన్య పాఠకుడికి కంఠస్థం. గంటకు 62 కిలోమీటర్ల గాలివేగం దాటితేనే తుపాను అవుతుందన్న అంకె తెలియకపోయినా, వాయుగుండానికీ తుపానుకూ తేడా ఉందని అతడికి తెలుసు. ‘దిశ మార్చుకుంది’, ‘ఒంగోలు, మచిలీపట్నం మధ్య తీరం దాటే అవకాశం’, ‘బలహీనపడి అల్పపీడనంగా మారింది’ అనే వాక్యాలను మన పత్రికలు దశాబ్దాలుగా రాస్తున్నాయి. అనిశ్చితిని చెప్పే భాష, స్థాయిని చెప్పే భాష, స్థలాన్ని చెప్పే భాష, ప్రమాదం తగ్గిందని చెప్పే భాష అన్నీ తెలుగులో ఉన్నాయి. కనుక శాస్త్ర విషయాలకు తెలుగు చాలదన్న వాదన ఈ సందర్భంలో నిలవదు.

ఈ భాషను సౌర వార్తలకు వర్తింపజేయడానికి కొన్ని ప్రతిపాదనలు:

(అ) జీ1 నుంచి జీ5 వరకు గల ఐదు స్థాయులకు వరుసగా స్వల్ప, మోస్తరు, బలమైన, తీవ్ర, అతి తీవ్ర అనే విశేషణాలను స్థిరపరచుకోవాలి. ‘మహా’, ‘భయంకర’ వంటి కొలతలేని విశేషణాలను విడిచిపెట్టాలి.

(ఆ) జరిగినది జ్వాలా, ద్రవ్య విసర్జనా, భూ అయస్కాంత తుపానా అన్నది మొదటి వాక్యంలోనే స్పష్టం చేయాలి.

(ఇ) వేళను, స్థలాన్ని పేర్కొనాలి. తుపాను తాకే సమయం మనకు పగలా రాత్రా, ప్రభావం ఏ అక్షాంశాలకు అన్నవి తప్పనిసరి.

(ఈ) ‘శాస్త్రవేత్తల హెచ్చరిక’ అని కాక, ఏ సంస్థ, ఏ రోజున, ఏ మాటల్లో చెప్పిందో రాయాలి.

(ఉ) మర్నాటి వార్త ఉండాలి. సముద్ర తుపాను బలహీనపడితే అదీ వార్తే. సౌర తుపానుకు మాత్రం తర్వాతి రోజు కథనం అరుదు. ముందురోజు భయంతో ఆగిపోయిన కథ పాఠకుడి మనసులో అసంపూర్ణంగా మిగిలిపోతుంది.

ఈ విధమైన రచనకు తెలుగులో పూర్వరంగం లేకపోలేదు. 1906లో హైదరాబాదులో ఏర్పడిన విజ్ఞాన చంద్రికా గ్రంథమండలి శాస్త్ర విషయాలను తెలుగులో చెప్పడాన్ని ఒక ఉద్యమంగా చేపట్టింది. దినపత్రిక సంపాదకుడైన నండూరి రామమోహనరావు ‘విశ్వరూపం’ రచించి, ఖగోళ విషయాలను భయపెట్టకుండా ఆసక్తికరంగా చెప్పవచ్చునని నిరూపించారు. పత్రికారచనకూ శాస్త్రనిష్ఠకూ సహజమైన వైరమేమీ లేదనడానికి ఆయన ఉదాహరణ చాలు.

7. ముగింపు:

సంచలన వార్తల వల్ల కలిగే నష్టం ఒకనాటి భయంతో తీరిపోయేది కాదు. ‘నాన్నా, పులి!’ కథలో పిల్లవాడి కేకలకు అలవాటుపడిన ఊరు, నిజంగా పులి వచ్చిననాడు కదలలేదు. సౌర తుపానుల విషయంలో ఆ పులి ఉన్నది. 1859 నాటి స్థాయి తుపాను మళ్లీ వస్తే విద్యుత్, ఉపగ్రహ, విమానయాన వ్యవస్థలు గంటల వ్యవధిలో నిర్ణయాలు తీసుకోవలసి ఉంటుంది. ప్రజలు ఆ హెచ్చరికను నమ్మవలసి ఉంటుంది. ఆ నమ్మకాన్ని ముందే ఖర్చు చేసుకుంటే ఆనాడు మిగలదు.

2023 సెప్టెంబరు 2న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆదిత్య-ఎల్1, 2024 జనవరి 6న తన కక్ష్యను చేరి సూర్యుణ్ణి నిరంతరం గమనిస్తున్నది. ‘సూర్యుడి చెంతకు’ అని మనం రాసుకున్నా, సూర్యుని దూరం 15 కోట్ల కిలోమీటర్లు కాగా, అది వెళ్లినది అందులో నూరవ వంతు మాత్రమే. అంత దూరం నుంచే అది సూర్యుని గురించి విలువైన సమాచారం పంపుతున్నది. తెలుగు నేలపై నుంచి ఎగిరిన పరికరం ఇచ్చే సమాచారాన్ని తెలుగులో సరిగా చెప్పుకోవడం తెలుగు శాఖల, పాత్రికేయ శాఖల ఉమ్మడి బాధ్యత. సౌర వార్తల శీర్షికల్లోని క్రియారూపాలను, విశేషణాలను, పారిభాషిక పదాలను క్రమబద్ధంగా సేకరించి విశ్లేషించడం పరిశోధక విద్యార్థులకు తగిన అంశం. అటువంటి పరిశోధనకు ఈ పరిశీలన ఒక ప్రారంభంగా ఉపకరిస్తుందని ఆశిస్తున్నాను.